ఎల్లక్క కాలిలో ఆవాలు

బళ్ళారి పక్కన సంగనకల్లు దిక్కున మిరపచేలలో పని చేసినవాళ్ళలో ఎల్లక్క పేరు తెలియని ఆడమనిషి లేదు. ఆ పేరు అందం వల్ల వచ్చింది కాదు, ఆస్తి వల్ల అసలే కాదు. మునుం వల్ల వచ్చింది. కలుపుకైనా, కాయకోతకైనా ఆడవాళ్ళు చేలో వరసగా వంగుతారు చూడండి, ఆ వరసే మునుం. దాంట్లో మొదటి సాలు పట్టే మనిషి ఎంత వేగంగా కదిలితే తక్కినవాళ్ళు అంత వేగంగా కదలాలి. ఆమె పాట ఎత్తితే అందుకోవాలి. ఆమె నడుము ఎత్తితేనే ఎవరైనా నడుము ఎత్తాలి. కొత్తకోడలిగా వచ్చిన మరుసటేడే ఎల్లక్క ఆ మొదటి సాలు పట్టింది, పట్టాక ఇరవై ఏళ్ళ పైచిలుకు వదల్లేదు.

ఆ సాలుకు ఇంకో మర్యాద ఉంది. వీళ్ళంతా కూలికి పోయే మిరపరైతు వెంకటరామి వాళ్ళ చేలో మొదటి కోత రోజున, పండిన మిరపను ముందుగా తెంపేది మొదటి సాలు మనిషే. పండిన చేను తల్లితో సమానమని ఆ పొద్దు ఎవరూ చెప్పులతో అడుగు పెట్టరు. ఆమె ఉత్త కాళ్ళతో చేలోకి దిగి, మట్టికి మొక్కి, దోసెడు కాయలు తెంపుకొస్తుంది. వెంకటరామి భార్య సుభద్రమ్మ ఆ కాయలనే పసుపు కుంకుమలతో, రవికగుడ్డతో కలిపి ఆమె ఒడిలో పోస్తుంది. దాన్ని తొలి ఒడి అంటారు. ఆ రవికగుడ్డ ఏమంత ఖరీదు చేసేది కాదు. కానీ అది కుట్టించుకొని ఎల్లక్క ఏడాదంతా తొడిగేది, ఎవరైనా అడగకపోతారా అని చూసేది, అడగకపోతే తనే చెప్పేది.

ఎల్లక్క మొగుడు భీమప్ప కుడతిని కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు కూలి. మంచోడు, మాట తక్కువ. అతని తమ్ముడు హనుమేష్. ఇద్దరివీ గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు. ఎల్లక్క బతుకు అంతవరకూ నల్లేరు మీద బండిలాగా సాగింది. హనుమేష్ ఆలూరు దిక్కు నుంచి నేత్రావతిని పెళ్ళి చేసుకొని వచ్చాడు, అక్కడితో సరి.

నేత్రావతి చేసిన తప్పు ఇదీ అని చెప్పడానికి ఏమీ లేదు. అదే ఎల్లక్కకు బాధ. తప్పు చేసి ఉంటే తిట్టి ఊరుకునేది. ఆ పిల్ల తట్టిన జొన్నరొట్టె పెనం మీద పూరీలా పొంగేది, ఎల్లక్కది పొంగేది కాదు. హనుమేష్ శుక్రవారం శుక్రవారం మల్లెపూలు తెచ్చేవాడు, భీమప్ప బూడిద పట్టిన బనీను తెచ్చేవాడు. ఆఖరికి నేత్రావతి కోళ్ళు కూడా ఎక్కువ గుడ్లు పెట్టేవి. ఎల్లక్క గోడ ఇవతల నిలబడి కళ్ళల్లో నిప్పులు పోసుకునేది. ఇవన్నీ ఎలాగో మింగింది. మింగలేనిది ఒకటే: నేత్రావతి మునుంలో రెండో సాలు పట్టింది, చెయ్యి చాలా చురుకు, గొంతు ఇంకా చురుకు. ఎల్లక్క పాట ఎత్తితే అందరూ అందుకునేవారు, నేత్రావతి అందుకుంటే అందరూ వినేవారు.

మూడేళ్ళ కిందట మొదటి కోత రోజున ముల్లు గుచ్చుకుంది. బళ్ళారి జాలి అని ఊరి పేరు పెట్టుకొని తిరిగే ముళ్ళచెట్టు ఒకటి ఉంది మా దిక్కున, గట్లకు కంచె వేసేది దాంతోనే. దాని ముల్లు బొటనవేలంత పొడుగుంటుంది, గుచ్చుకుంటే ప్రాణం జివ్వుమంటుంది. ఎల్లక్క అరికాల్లో, చిటికెనవేలి కింద దిగింది. ఆగి తీసుకోవచ్చు. కానీ పక్క సాలులో నేత్రావతి తలకాయ తనకు సరిసమానంగా వచ్చేసింది. ఇప్పుడు ఆగితే ఆ పిల్ల ముందుకు పోతుంది, అందరూ చూస్తారు. ఎల్లక్క పళ్ళు బిగబట్టి, ముల్లు కాల్లో ఉండగానే సాలు చివరి దాకా నడిచింది. గట్టెక్కి చూసుకుంటే ముల్లు సగం విరిగి లోపలే ఉంది. ఇంకో ముల్లుతో కెలికి, వచ్చినంత తీసి, పసుపు అద్దుకుంది. రాని సంగతి మరిచిపోయింది.

కొన్నాళ్ళకు అక్కడ రేగుపండంత గడ్డ తేలింది. నొప్పి లేదు. నొప్పి ఉంటే బాగుండేదేమో, మనిషి దేనికి భయపడకున్నా నొప్పికి భయపడుతుంది. మరుసటేటికి గడ్డ పాదం పైకి పాకింది, తోలు గట్టిపడి నల్లబారింది, చిన్న చిన్న బుడిపెలు లేచాయి. ఒకటి పగిలి మానేది, పక్కన ఇంకొకటి పగిలేది. భీమప్ప ఒకరోజు స్నానం చేసి వస్తూ చూశాడు.

“ఏందిమే ఆ కాలు, రొట్టె పొంగినట్ల పొంగింది? ఆస్పత్రికి పోదాం పా.”

అసలే పొంగని రొట్టెల మనిషి, ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. “నోవు లేదు, గీవు లేదు. సుమ్నె ఉండప్పా నువ్వు! నేను పోయి ఆస్పత్రిలో పండుకుంటే మొదటి సాలు ఎవరు పడతారు? నీ మరదలా?”

భీమప్ప ఉలకక పలకక సుమ్నె ఉన్నాడు. అతనికి వచ్చిన విద్య అదొక్కటే.

ఎల్లక్క పాదానికి పాతచీర పేలిక చుట్టి, పైన మట్టి పూసి, బెణికిందని చెప్పుకుంది. వేపనూనె రాసింది, ఉల్లిగడ్డ కాల్చి కట్టింది. కోతిపుండు బ్రహ్మరాక్షసి అయినట్టు కాలు రోజురోజుకూ లావెక్కింది. ఆ ఏడు కలుపులో ఆమె సాలు మధ్యలో తడబడి గడ్డిమోపు మీద కూలబడింది. అందరూ “అయ్యో” అన్నారు. నేత్రావతి మాత్రం ఏదో తలుచుకొని కిసుక్కుమంది, వెంటనే వచ్చి చెయ్యి అందించింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకామె. ఎల్లక్క ఆ చెయ్యి తోసేసి, లేచి, ఇంటికొచ్చి తలుపేసుకొని ఏడ్చింది.

ఏడ్చి, కాలు కడుక్కుందామని పేలిక విప్పితే తడిలో నల్లటి గింజలు కనబడ్డాయి. నలకలనుకుంది. బుడిపె మీద వేలితో నొక్కితే కళ్ళముందే ఇంకొక గింజ బయటికి జారింది. నల్లగా, గుండ్రంగా, చిన్నగా. అచ్చం ఆవగింజ.

ఎల్లక్క ఒళ్ళు గగుర్పొడిచింది, మరుక్షణమే బుర్రలో వెలుగొచ్చింది. నేత్రావతి తన బిడ్డకు దిష్టి తీసి ఉప్పు, మిరపకాయలు, ఆవాలు సందులో పారబోసేది. పొద్దున్నే ఆ సందులోంచే తను ఉత్త కాళ్ళతో పనికి పోయేది. ఇంకేం కావాలి? ముల్లు ఒట్టి సాకు. ఆవాలు మంత్రించి తన కాల్లోకి పంపించింది, మొదటి సాలు కోసం! పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుంది. రాత్రింబవళ్ళు తోడికోడలి మీద కుళ్ళుకునే మనిషికి, తోడికోడలు తన మీద కుళ్ళుకోవడం లేదంటే నమ్మకం ఎలా కుదురుతుంది?

భయపడాల్సిన మనిషి సంబరపడింది. ఇన్నాళ్ళకు నేత్రావతిది ఒక తప్పు దొరికింది. రాలిన గింజనల్లా ఏరి, ఎండబెట్టి, ఖాళీ సున్నం డబ్బీలో దాచింది. ఇంకొన్ని చేరాక అందరి ముందూ పెట్టాలని ఆమె ఆశ. కాలు పోతున్నదన్న దిగులు లేదు, డబ్బీ నిండడం లేదన్నదే దిగులు.

కలుపు ఆఖరి రోజు మధ్యాహ్నం మోటరు కొట్టం నీడలో అందరూ సద్దులు విప్పారు. సుభద్రమ్మ మజ్జిగ బిందెతో వచ్చి తలా ఒక గ్లాసు పోస్తూ, ఎల్లక్క కాలు చూసి బిందె కింద పెట్టింది.

“ఎల్లక్కా, ఈ కాలితో నువ్వు సాలు పట్టలేవు. ఈసారి కోతకు నేత్రావతి పడుతుందిలే. నువ్వు గట్టు మీద కూచొని తెల్లబడ్డ తాలు కాయ ఏరు. కూలి తగ్గించను.”

కూలి తగ్గించనన్న మాట ఎల్లక్కకు వినబడలేదు. నేత్రావతి తల దించుకోవడం మాత్రం కనబడింది, ఆ తల దించుకోవడంలో నవ్వు ఉందనిపించింది. రొంటినున్న డబ్బీ తీసి, మూత ఊడబీకి, అందరి మధ్య నేల మీద పెట్టింది.

“చూడండి! ఇది పంపించిన ఆవాలు! నా కాల్లోంచి వస్తాండాయి! నా సాలు కోసం నా తోడికోడలు నాకు చేసిన మేలు ఇది. ఏమ్మే నేత్రా, తృప్తి ఆయ్తా నీకు? ఇంగ ఆ తొలి ఒడి నింపుకో పో!”

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని పెద్దలు ఊరికే అనలేదు. ఆడవాళ్ళంతా దూరం జరిగారు, డబ్బీకి కొందరు, ఎల్లక్కకు కొందరు, నేత్రావతికి కొందరు. ముసలి యంకమ్మ మాత్రం జరగలేదు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు.

నేత్రావతి లేచి వచ్చింది. కొడుతుందేమో అనుకున్నారు. వంగి, డబ్బీలోంచి ఒక గింజ తీసి గోటి మీద పెట్టుకొని ఇంకో గోటితో నలిపింది. ఆవగింజ నలిపితే లోపల పసుపుపచ్చగా ఉంటుంది, చేతికి జిడ్డు అంటుతుంది. ఇది పొడిపొడిగా రాలింది, లోపల కూడా బొగ్గు మాదిరే నలుపు. ఆమె ఆ పొడి చూసి తెల్లబోయింది.

“యక్కా, ఇవి ఆవాలు కాదు. మా అమ్మకి ఇట్లే వచ్చె.”

“ఏం వచ్చె?”

“ఇదే కాలు, ఇవే గింజలు. దేవరలకి మొక్కిరి, తాయెత్తులు కట్టిరి. ఆస్పత్రికి పోయేతలికి ఎముకంతా తినేసిండాది. మోకాలి కాడికి తీసేసినారు. మీరు సంబంధానికి వచ్చిన పొద్దు మా అమ్మ దుప్పటి కప్పుకొని కూచోనుండ్లా? జరమొచ్చిందని చెప్పిరి. జరం కాదు యక్కా, కాలు లేదు.”

ఇన్నేళ్ళూ అత్తగారింట దాచిన మాట అది. తెలిస్తే పుట్టింటికి మచ్చ, రేపు బిడ్డ పెళ్ళికి అడ్డం. అది ఇంతమంది కూలివాళ్ళ ముందు, మజ్జిగ గ్లాసుల మధ్య పెట్టేసింది. ఎల్లక్కకు ముందుగా భయం వేసింది, నిజమే. కానీ భయం వెనకాలే ఇంకో ఆలోచన కూడా వచ్చింది, దాచడం ఎందుకు: చివరికి ఈ జబ్బు కూడా దాని ఇంటికే ముందు వచ్చిందా!

మరుసటి రోజు భీమప్ప ప్లాంటుకు సెలవు పెట్టాడు. నేత్రావతితో కలిసి ముగ్గురూ ఆటోలో బళ్ళారి పోయారు. సుభద్రమ్మకు తెలిసిన చర్మం డాక్టరమ్మ ఒకామె సత్యనారాయణపేటలో ఉంది, పేరు హిమజ. ఆమె ఎల్లక్క పాదాన్ని తన ఒళ్ళో పెట్టుకున్నంత దగ్గరగా చూసి, గింజలు ఏమైనా రాలాయా అని అడిగింది. ఎల్లక్క నేల చూపులు చూసింది. నేత్రావతి తను వెంట తెచ్చిన డబ్బీ తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ ముఖం విప్పారింది.

“భలే పని చేశారే! గింజ రంగును బట్టే ఇది ఏ రకమో సగం తెలుస్తుంది. ఇన్ని ఎవరు దాచారు?”

“మా అక్క. ఏదీ పారేసే మనిషి కాదు మా అక్క” అంది నేత్రావతి.

ఎందుకు దాచిందో చెప్పలేదు. చెప్పి ఉంటే ఎల్లక్కకు తిట్టుకోవడానికి వీలుండేది. చెప్పకుండా కాపాడేసరికి ఇంకా మండింది. రొట్టెలు పొంగుతాయి, కోళ్ళు గుడ్లు పెడతాయి, పైగా మంచితనం కూడా దానిదేనా? తనకేం మిగిల్చింది?

డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. “నిల్వరొట్టె మీద బూజు పడుతుంది కదమ్మా, అలాంటి బూజు జాతే ఇది కూడా. ఫంగస్ అంటారు. మట్టిలో ఉంటుంది. ముల్లుతో పాటు తోలు కిందికి పోయి అక్కడే కాపురం పెట్టింది. ఆ గింజలు అది కట్టుకున్న గూళ్ళు. ఎవరూ చేసింది కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకునేదీ కాదు. అంటుకునేదైతే మీరందరూ ఒకే మునుంలో ఉన్నారుగా, అందరికీ వచ్చేది.”

పెద్దాసుపత్రిలో ఫోటోలు తీశారు, ముక్క తీసి పరీక్షకు పంపారు. బూజు చిటికెనవేలి ఎముకను తాకింది, ఇంకా పైకి పోలేదు. ఆ వేలూ, గడ్డా తీసేశారు. పాదం నిలిచింది. ఇంకా ఆలస్యం చేసి ఉంటే మడమ కూడా మిగిలేది కాదన్నారు. మాత్రలు మాత్రం ఏడాదికి తక్కువ కాకుండా మింగాలి, బాగయిందనిపించినా మానకూడదు, మధ్య మధ్య రక్తం పరీక్ష చేయించుకోవాలి. ఇంకో మాట కూడా చెప్పారు. ఇక జన్మలో ఉత్త కాలితో మట్టి తొక్కకూడదు.

ఎల్లక్క వేలు పోయిందని ఏడవలేదు. ఆ చివరి మాటకు ఏడ్చింది. ఉత్త కాళ్ళు లేకుండా తొలి ఒడి ఎక్కడిది?

కట్టు మార్చడానికి రోజూ నేత్రావతే గోడ దాటి వచ్చేది. పుండు కడిగి, మందేసి, మెత్తగా కట్టేది. ఎల్లక్క గోడకేసి తల తిప్పుకొని కాలు అప్పగించేది. “నొస్తాండాదా యక్కా?” అని అడిగితే, “నొస్తే చెప్తా, నోరు లేదా నాకు?” అనేది. ఆ పిల్ల వంగినప్పుడు దాని పాదాలు కనబడేవి. సన్నగా, నున్నగా, వేళ్ళన్నీ వరసగా. ఎల్లక్క ఇన్నేళ్ళలో దాని జడ మీద, గొంతు మీద, మొగుడి మీద కుళ్ళుకుంది గానీ పాదాల మీద ఎప్పుడూ కుళ్ళుకోలేదు. ఇప్పుడు అది కూడా మొదలయింది.

మొదటి కోత రోజు వచ్చింది. రావొద్దని భీమప్ప అన్నా వినకుండా ఎల్లక్క కర్ర పట్టుకొని, ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన, వేళ్ళు మూసే చెప్పులు వేసుకొని చేను గట్టు మీద కూర్చుంది. చూడకుండా ఉండలేదు, చూస్తే ఓర్వలేదు. చేనంతా ఎర్రగా పండి ఉంది. ఆడవాళ్ళందరూ చెప్పులు విప్పి గట్టు మీద కుప్ప పోశారు. సుభద్రమ్మ పళ్ళెం పట్టుకొని నిలబడింది, పళ్ళెంలో ఆకుపచ్చ రవికగుడ్డ. ఆకుపచ్చంటే ఎల్లక్కకు ప్రాణం.

నేత్రావతి చెప్పులు విప్పి, కొంగు దోపుకొని మొదటి సాలు ముందు నిలబడింది. ఆ సాలు పక్కనే కొత్తగా వేసిన జాలి కంచె ఉంది. కొమ్మలు ఈడ్చుకొచ్చినప్పుడు రాలిన ముళ్ళు సాలు నిండా, ఎండుటాకుల్లో. నిలబడినవాళ్ళకు కనబడవు, నేలకు దగ్గరగా గట్టున కూర్చున్న ఎల్లక్కకు కనబడుతున్నాయి.

ఆమె నోరు తెరవలేదు. ఒక్క క్షణం. ఆ క్షణంలో ఆమె మనసులో ఏముందో దేవుడికి తెలుసు, ఆమెకూ తెలుసు. గుచ్చుకోనీ, దానికీ తెలిసొస్తాది, అనుకుంది. అనుకున్నాక తన మీద తనకే అసహ్యం వేసింది.

“నేత్రా, ఆగు! చెప్పులేసుకో! ముళ్ళుండాయి!”

మునుం అంతా నవ్వింది.

“అయ్యో ఎల్లక్కా, ఇంగా కుళ్ళు సావలేదా నీకు?” అంది ఒకామె.

“పాపం, ఒడి నింపేటప్పుడన్నా ఓర్చుకో మే” అంది యంకమ్మ.

సుభద్రమ్మ మొహం చిట్లించింది. “శుభమా అని దిగుతుంటే ఆ అరుపేమిటి ఎల్లక్కా? పండిన చేలోకి చెప్పులతో ఎవరైనా దిగుతారా?”

తప్పు వాళ్ళది కాదు. ఆవాలు పంపిందని అరిచిన నోరూ ఇదే, ముళ్ళున్నాయని అరుస్తున్న నోరూ ఇదే. ఎవరు నమ్ముతారు? నేత్రావతి కూడా ఇబ్బందిగా నవ్వి, కుడికాలు ఎత్తింది.

ఎల్లక్క కర్ర పారేసి కదిలింది. పాకిందో, నడిచిందో చూసినవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్తారు. చెప్పుల కుప్పలోంచి తోడికోడలి చెప్పులు ఏరుకొని పోయి, ఆమె ముందు మట్టిలో కూర్చొని, ఎత్తిన కాలు మడమ దగ్గర రెండు చేతులతో పట్టుకుంది. పెద్దకోడలు చిన్నకోడలి కాళ్ళు పట్టుకోవడం ఆ వంశంలో లేదు.

“యక్కా, వద్దు! నువ్వు నా కాలు పట్టుకుంటే నాకు పాపం తగులుతాది, వదులు!”

“నీ పాపం తర్వాత చూసుకుందాం. కాలు ఆడిచ్చాకు.”

చేతిలో ఉన్న పాదం మెత్తగా, వెచ్చగా, నిండుగా ఉంది. ఆ పాదాన్ని చూస్తుంటే ఎల్లక్కకు కడుపు భగ్గుమంది. మండుతూనే చెప్పు తొడిగింది. రెండోది కూడా తొడిగింది. పక్కనే ఉన్న ఎండుటాకులు అవతలికి నెడితే ముళ్ళు బయటపడ్డాయి, వేలంత పొడుగువి. నవ్వుతున్నవాళ్ళు నోళ్ళు మూశారు.

నేత్రావతి ఆ ముళ్ళనూ, తన ముందు మూసిన చెప్పులో ఉన్న నాలుగు వేళ్ళ పాదాన్నీ చూసింది. చెప్పులతోనే చేలోకి దిగి, వంగి మట్టికి మొక్కి, దోసెడు కాయలు తెంపుకొచ్చి, చెప్పులతోనే నిలబడి కొంగు పట్టింది. సుభద్రమ్మ కాసేపు అటూ ఇటూ చూసింది. ఆ తర్వాత ఏమనుకుందో, “తల్లి ఏమీ అనుకోదులే” అని తనకు తనే చెప్పుకొని కాయలు ఒడిలో పోసింది, పైన ఆకుపచ్చ రవికగుడ్డ పెట్టింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే గట్టెక్కి తమ చెప్పులు వెతుక్కున్నారు.

నేత్రావతి పాట ఎత్తింది. మునుం కదిలింది. ఎల్లక్క చేతులకంటిన మట్టి దులుపుకోకుండా గట్టు మీద కూర్చొని చూస్తోంది. ఆ పాట తనదే, తనే నేర్పింది. దాని గొంతులో ఇంకా బాగుంది. ఎల్లక్కకు ఏడుపొచ్చింది, ఏడుస్తూనే తాలు కాయల గంప దగ్గరికి లాక్కుంది.